పొడి అక్షరాల్లో పోయిన ఇంటిపేర్లు

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో పరమాణువుల పాఠం దగ్గరికొచ్చేసరికి కరీంనగర్‌లో చదివే అమ్మాయైనా, ఆసిఫాబాద్ దగ్గరి ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన అబ్బాయైనా ఒక స్వీడన్ ఇంటిపేరును నేర్చుకోక తప్పదు. ఆ ఇంటిపేరు రిడ్‌బర్గ్. డిగ్రీకి వచ్చాక అదే పేరు ప్రయోగశాలలో ఎదురవుతుంది. గదిలో దీపాలార్పి, హైడ్రోజన్ నింపిన సన్నటి గాజుగొట్టానికి అధిక వోల్టేజి ఇస్తే గులాబి రంగు వెలుగు వస్తుంది. ఆ వెలుగును చీలిక గుండా గ్రేటింగ్ మీదికి పంపి, స్పెక్ట్రోమీటర్ దూరదర్శినిని మెల్లగా తిప్పుతూ పోతే చీకట్లో మొదట కనీకనిపించని ఊదా గీత, తర్వాత నీలిఊదా, ఆపైన ఆకుపచ్చ కలిసిన నీలం, చివర్న కణకణలాడే ఎరుపు కనిపిస్తాయి. అడ్డతీగను ఒక్కో గీత మీద నిలిపి, వెర్నియర్ చదివి, కోణాలను తరంగదైర్ఘ్యాలుగా మార్చి చివరికి రికార్డులో రాసే ఫలితం పేరు 'రిడ్‌బర్గ్ స్థిరాంకం'. ఆ రికార్డు అట్ట మీద మాత్రం విద్యార్థి ఇంటిపేరు ఉండదు. దాని స్థానంలో ఒక ఇంగ్లిషు పొడి అక్షరం, పక్కన చుక్క ఉంటాయి. అక్కడ ఒక ఇంటిపేరు ప్రకృతిలోని కొలతకే పేరైతే, ఇక్కడ ఆ కొలతను లెక్కగట్టినవాళ్ళ ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. ప్రతిభ వల్ల పేరు నిలుస్తుందన్నది నిజమే. అయితే నిలవాల్సిన పేరును మనం ఎలా రాసుకుంటున్నామన్నది కూడా అంతే ముఖ్యమని పరమాణు వర్ణపటాల చరిత్ర చూపిస్తోంది. ఆ చరిత్రలో తెలుగువాళ్ళ పాత్ర మనం అనుకునేదానికన్నా పెద్దది, మనకు గుర్తున్నదానికన్నా చాలా పెద్దది.

ముందు రిడ్‌బర్గ్ చేసిన పనేమిటో చూడాలి. యోహానెస్ రాబర్ట్ రిడ్‌బర్గ్ 1854లో హాల్మ్‌స్టాడ్‌లో పుట్టాడు. లుంద్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేట్ పొంది, అక్కడే భౌతికశాస్త్రానికి మళ్ళి, 1919లో చనిపోయేదాకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. అప్పటికి మూలకాలను వేడిచేస్తే వచ్చే వర్ణపట గీతలను కొలిచిన పట్టికలు గుట్టలుగా పడివున్నాయి. వాటిలో కొలత ఉంది, క్రమం లేదు. 1885లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ పట్టణపు బడిపంతులు బాల్మర్, అరవయ్యేళ్ళ వయసులో, హైడ్రోజన్ నాలుగు గీతలకు ఒక చక్కటి సూత్రం కట్టాడు. ఆ గీతలను అంత కచ్చితంగా కొలిచిపెట్టినవాడు మరో స్వీడన్ మనిషి, ఆంగ్‌స్ట్రామ్. రిడ్‌బర్గ్ హైడ్రోజన్‌తో ఆగలేదు. లిథియం, సోడియం, పొటాషియం వంటి మూలకాల గీతలను శ్రేణులుగా విడదీశాడు. తరంగదైర్ఘ్యాన్ని పక్కనపెట్టి, ఒక సెంటీమీటరులో ఎన్ని తరంగాలు పడతాయో లెక్కించే తరంగ సంఖ్యను చేపట్టాడు. అలా తిరగేసి చూసేసరికి ప్రతి శ్రేణి రెండు పదాల తేడాగా తేలింది. అన్నిటికన్నా పెద్ద సంగతి, మూలకం ఏదైనా అందులో దాదాపు ఒకే స్థిరసంఖ్య వస్తోంది. బాల్మర్ సూత్రం తన సూత్రంలో ఒక ప్రత్యేక సందర్భమని అప్పుడు తెలిసింది. ఈ ఫలితాలు 1890లో అచ్చయ్యాయి. ఎలక్ట్రాన్‌ను ఇంకా కనుగొనని రోజులవి. 1913లో నీల్స్ బోర్ ఆ సంఖ్యను ఎలక్ట్రాన్ ఆవేశం, ద్రవ్యరాశి, ప్లాంక్ స్థిరాంకాల నుంచి రాబట్టేసరికి పరమాణువు లోపలి కట్టడానికి తాళంచెవి దొరికింది. ఇవాళ దాని విలువ మీటరుకు 1,09,73,731.568. ప్రకృతి స్థిరాంకాలన్నిటిలోకి అత్యంత కచ్చితంగా కొలిచినవాటిలో అదొకటి. ఇంటర్ పిల్లలు వల్లెవేసే ఎస్, పి, డి, ఎఫ్ ఆర్బిటాళ్ళ అక్షరాలు కూడా ఆ కాలపు వర్ణపటకారులు గీతల శ్రేణులకు పెట్టుకున్న పేర్ల మొదటి అక్షరాలే.

రిడ్‌బర్గ్ అనే ఇంటిపేరు ఈ ఒక్క మనిషిది కాదు. స్వీడన్ సాహిత్యంలో విక్టర్ రిడ్‌బర్గ్ (1828–1895) పెద్ద కవి, నవలాకారుడు, స్వీడిష్ అకాడమీ సభ్యుడు. ఆయన పేరిట స్టాక్‌హోంలో బడులున్నాయి. అంతకు ముందుతరంలో ఓడల నిర్మాణంలో పేరుగన్న అబ్రహాం రిడ్‌బర్గ్ ఉన్నాడు. అయినా భౌతికశాస్త్రంలో ఆ పేరు చెబితే తికమక పడేవాళ్ళు లేరు. ఇది ఆ దేశానికి పుట్టుకతో వచ్చిన అదృష్టం కాదు. స్వీడన్ పల్లెల్లో పందొమ్మిదో శతాబ్దం దాకా ఎక్కువమందికి ఇంటిపేరే లేదు. తండ్రి పేరుకు 'సన్' చేర్చుకునేవారు. ఆండర్స్ కొడుకు ఆండర్సన్, అతని కొడుకు మళ్ళీ వేరే. తర్వాత ఆ పేర్లే వంశపారంపర్యంగా స్థిరపడేసరికి ఊరినిండా ఆండర్సన్లు, యోహాన్సన్లు తయారయ్యారు. పట్నాలకు చేరినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, సిపాయిలు చెట్టూ కొండా ఏరూ కలిపిన పేర్లు పెట్టుకుని వేరుపడ్డారు. 1901లో ప్రభుత్వం ఒక ఆజ్ఞ తెచ్చి ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలంది. అంటే నలుగురికీ ఒకే పేరు ఉంటే ఎవరి పని ఎవరిదో తెలియకుండా పోతుందన్న ఇబ్బందిని వాళ్ళూ పడ్డారు, దానికి విరుగుడూ వాళ్ళే వెతుక్కున్నారు. వర్ణపటశాస్త్రంలో స్వీడన్ పేర్లు వరసగా చూడండి: ఆంగ్‌స్ట్రామ్, రిడ్‌బర్గ్, రిడ్‌బర్గ్ శిష్యుడై ఎక్స్-కిరణాల వర్ణపటాలకు 1924 సంవత్సరపు నోబెల్ పొందిన మానె సీగ్‌బాన్, సూర్యుని కరోనాలోని వింత గీతలు బాగా అయనీకరణం చెందిన ఇనుము వంటి లోహాలవని తేల్చిన బెంగ్ట్ ఎడ్లేన్. ఒక్కటి కూడా 'సన్'తో ముగియదు. పని గొప్పదై, పేరు విడిగా నిలబడగలిగినదైతే పుస్తకం ఆ రెంటినీ కలిపి దాచిపెడుతుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా కోస్తా దాటి బంగాళాఖాతంలోకి సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ స్పెక్ట్రోస్కోపులు పట్టుకుని కూర్చున్నారు. అదే వేధశాలలో సహాయకుడైన చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి ఒక బృందాన్ని తీసుకెళ్ళాడు. చంద్రబింబం అంచున ఎర్రగా ఎగిసే జ్వాలలు వేడి వాయువులని, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్ అని ఆ రోజు తేలింది. అలా తేల్చిన సాక్ష్యం మన డిగ్రీ విద్యార్థి చీకటి గదిలో చూసే ఆ ఎరుపు, నీలి గీతలే. ఆ గీతలు అంత కాంతితో ఉన్నాయి కాబట్టి గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు పొద్దున్నే గుంటూరులో చూసి చూపించాడు. గుంటూరులో హీలియం కనుగొన్నారని మన పత్రికలు తరచూ రాస్తాయి. అది సరైన మాట కాదు. సోడియం పసుపు గీతల జంట పక్కన, వాటిలో దగ్గరిదానికి 14 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో, మరో పసుపు గీత ఉందని ఆ గ్రహణం తర్వాతి పరిశీలనల్లో స్పష్టమైంది. అది భూమ్మీద ఎరగని మూలకానిదని చెప్పే సాహసం లండన్‌లోని లాకియర్ చేశాడు. 1895లో ర్యామ్సే దాన్ని ప్రయోగశాలలో పట్టుకున్నాడు. అదే ఏడు స్వీడన్‌లోని ఉప్సాలాలో క్లీవ్, లాంగ్లే విడిగా పట్టుకుని దాని పరమాణు భారం కూడా కొలిచారు. గుంటూరుకు దక్కాల్సింది హీలియం ఘనత కాదు. గ్రహణం లేకుండా సూర్యుని జ్వాలలను చదివే పద్ధతికి పుట్టినిల్లు అన్న ఘనత దానిది. అది తక్కువ గౌరవమేమీ కాదు, పైగా నిజమైన గౌరవం. విచిత్రమేమంటే హైడ్రోజన్ గీతల కచ్చితమైన కొలతలతో ఆంగ్‌స్ట్రామ్ సౌరవర్ణపట గ్రంథం వెలువడింది కూడా ఆ 1868లోనే. అంటే రిడ్‌బర్గ్ స్థిరాంకానికి ముడిసరుకు ఒకవైపు ఉప్సాలాలో అచ్చవుతుంటే, మరోవైపు అవే గీతలు గుంటూరు ఆకాశంలో కనిపించాయి.

ఈ దారం అక్కడితో తెగిపోలేదు. లాకియర్ దగ్గర సహాయకుడిగా పనిచేసి ఆ విద్యను అందుకున్నవాడు ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్. 1896లో పికరింగ్ ఒక నక్షత్రంలో కొత్త గీతల శ్రేణిని చూపించాడు. రిడ్‌బర్గ్ కూడా అది హైడ్రోజన్ శ్రేణేననుకుని, దానికి తోడుగా ఉండాల్సిన మరో గీతను ఊహించాడు. 1912లో ఫౌలర్ అలాంటి గీతలను హైడ్రోజన్, హీలియం కలిపి నింపిన గొట్టంలో రప్పించాడు. మరుసటేడు బోర్ అవి హైడ్రోజన్‌వి కావని, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హీలియంవని అన్నాడు. ఫౌలర్ ఊరుకోలేదు. బోర్ లెక్క ప్రకారం హీలియం స్థిరాంకం హైడ్రోజన్‌దానికి సరిగ్గా 4 రెట్లుండాలి, కానీ కొలతలో 4.0016 వస్తోందని ఎత్తిచూపాడు. కేంద్రకం కూడా కొద్దిగా కదులుతుందని లెక్కలో చేర్చి బోర్ 4.00163 రాబట్టాడు. పరమాణు నమూనా మీద లోకానికి గురి కుదిర్చిన ఘట్టాల్లో అదొకటి. అంతటి ఫౌలర్ దగ్గర, లండన్ ఇంపీరియల్ కాలేజీలో, 1920ల చివర పనిచేసిన తెలుగువాడు కోచర్లకోట రంగధామరావు. ఆయన బరంపురంలో పుట్టాడు. విజయనగరం మహారాజా కళాశాలలో అప్పాద్వేదుల లక్ష్మీనారాయణ దగ్గర వర్ణపటాల ఓనమాలు దిద్దుకున్నాడు. లండన్‌లో జెర్మేనియం, ఆర్సెనిక్ వంటి మూలకాల పరమాణువుల నుంచి ఒకటి, రెండు, మూడు ఎలక్ట్రాన్లు ఊడితే వచ్చే వర్ణపటాలను విడమరిచి, ఏ గీత ఏ శక్తిస్థాయిల మధ్య పుట్టిందో నిర్ణయించాడు. రిడ్‌బర్గ్ సోడియంకు చేసిన పనిని ఇంకా చిక్కైన మూలకాలకు కొనసాగించడమే ఇది. తిరిగొచ్చి వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర శాఖను వర్ణపట పరిశోధనకు దేశంలో ఒక ముఖ్య కేంద్రంగా నిలబెట్టాడు. తర్వాతి కాలంలో న్యూక్లియర్ క్వాడ్రుపోల్ అనునాదం అనే కొత్త రంగాన్నీ అక్కడ నాటాడు. ఆయన స్మారకంగా భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక ఉపన్యాస పురస్కారం ఇస్తోంది. గురువు లక్ష్మీనారాయణ 1937 నుంచి 1946 దాకా కొడైకెనాల్ సౌర వేధశాలను నడిపాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే.

ఇంత పని జరిగింది. ఏ పేరుతో నిలిచింది? లక్ష్మీనారాయణ అంతర్జాతీయ పత్రికల్లో 'ఎ.ఎల్. నారాయణ్' అయ్యాడు. అంటే వ్యక్తి పేరులో సగం పొడి అక్షరమైంది, మిగతా సగం ఇంటిపేరుగా లెక్కలోకి వచ్చింది, అసలు ఇంటిపేరు 'ఎ' అయింది. రంగధామరావు 'కె.ఆర్. రావు' అయ్యాడు. గ్రంథసూచికల్లో 'రావు, కె.ఆర్.' అని ఉంటుంది. అదే సూచికలో మరో 'రావు, కె.ఆర్.' ఉన్నాడు. ఆయన కమిశెట్టి రామమోహనరావు. నాసిర్ అహ్మద్, నటరాజన్‌లతో కలిసి 1974లో డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్‌ను ప్రకటించాడు. మన ఫోన్లలో ఫొటోలు కుదించుకుని దాచుకునే జేపెగ్ పద్ధతికి అదే పునాది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అణు వర్ణపటాలకు పేరుగన్న కె. నరహరిరావు మూడో 'కె' రావు. గణాంకశాస్త్రంలోకి వెళ్తే స్వీడన్ పేరూ తెలుగు పేరూ ఒకే సిద్ధాంతంలో పక్కపక్కన కూర్చున్నాయి: క్రామెర్–రావు హద్దు. హరాల్డ్ క్రామెర్ స్టాక్‌హోం గణితవేత్త, ఆయన పక్కనున్నది కల్యంపూడి రాధాకృష్ణారావు. క్రామెర్ వైపు ఇంటిపేరు ఉంది, మన వైపు ఒక గౌరవవాచకం ఉంది. అదే శాస్త్రంలో నమూనా సర్వేల పుస్తకం తెరిస్తే రావు–హార్ట్‌లీ–కాక్రన్ పద్ధతి, రావు–స్కాట్ సవరణ కనిపిస్తాయి. ఆ రావు రాధాకృష్ణారావు (సి.ఆర్. రావు) కాదు, ఏలూరులో పుట్టి కెనడాలో స్థిరపడిన జె.ఎన్.కె. రావు. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరూ ఒకే రంగంలో దిగ్గజాలే. అయినా కొత్తగా చదివే విద్యార్థి ఇద్దర్నీ ఒకరనుకునే ప్రమాదం ప్రతి పేజీలోనూ ఉంది. కల్యంపూడి, కోచర్లకోట, కమిశెట్టి అని నిండుగా రాసి ఉంటే ఈ తికమక పుట్టేదే కాదు.

ఉమ్మడి కరీంనగర్ జిల్లా ఇచ్చిన ఇద్దరు ప్రసిద్ధుల పేర్లు ఈ సమస్యను ప్రయోగశాల బయట కూడా చూపిస్తాయి. వంగరకు చెందిన పాములపర్తి వెంకట నరసింహారావు మనకు పీవీ. అంటే మనం గుర్తుపెట్టుకున్నవి ఆయన ఇంటిపేరుకూ, పేరులో మొదటి భాగానికీ పొడి అక్షరాలు మాత్రమే. ప్రధానమంత్రిగా ఉన్న అయిదేళ్ళూ విదేశీ పత్రికలు ఆయన్ను 'మిస్టర్ రావు' అనే రాశాయి. ఒకే మనిషి ఇంట్లో ఒక పేరుతో, లోకంలో మరో పేరుతో నిలిచాడు. ఆ రెంటిలో దేనిలోనూ పాములపర్తి లేదు. హనుమాజీపేటకు చెందిన సింగిరెడ్డి నారాయణరెడ్డి ఇంకో దారి పట్టాడు. ఇంగ్లిషులో ఇంటిపేరును 'సి' అక్షరంతో మొదలుపెట్టి, పొడి అక్షరాన్నీ పేరునూ కలిపి సినారె అనే కొత్త ముద్ర చేసుకున్నాడు. కవి కాబట్టి అది సాధ్యమైంది. శాస్త్ర పత్రికకు వ్యాసం పంపే పరిశోధకుడికి అలాంటి వెసులుబాటు లేదు. అక్కడి ఫారం చివరి పేరు ఏమిటని అడుగుతుంది. మనవాడు పేరు చివర ఏముందో చూసుకుంటాడు. రావో, రెడ్డో, కుమారో ఉంటుంది, అదే రాస్తాడు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుందని ఆ ఫారం తయారుచేసినవాళ్ళకు తెలియదు. తెలియజెప్పే పని మనమూ చేయలేదు.

ఆదిలాబాద్‌కు వస్తే సంగతి మరింత లోతుకు వెళ్తుంది. రాజ్‌గోండుల సమాజంలో ఇంటిపేరు పిలుపుకు మాత్రమే పనికొచ్చే గుర్తు కాదు. 1940ల్లో మార్లవాయిలో ఉండి ఆ సమాజాన్ని అధ్యయనం చేసిన హైమన్‌డార్ఫ్ వివరించినట్టు, ఒక్కో ఇంటిపేరు నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగాల్లో ఏదో ఒకదానికి చెందుతుంది. ఒకే సగావాళ్ళు ఒకరికొకరు అన్నదమ్ముల వరస, పెళ్ళిళ్ళు కుదరవు. మెస్రం వంశం ఏడు దేవతల సగా. కేస్లాపూర్ నాగోబా జాతరలో పూజ చేసే హక్కు మెస్రం వాళ్ళదే. పుష్యమాసం అమావాస్య నాటికి వాళ్ళు కాలినడకన వెళ్ళి గోదావరి జలం తెస్తారు. మెస్రం ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్ళను దేవుడి ముందు నిలబెట్టి భేటింగ్ జరిపిస్తారు. ఆ కార్యం అయ్యాకనే ఆ కోడలు వంశంలో సభ్యురాలు. ఇంటిపేరు అంటే పుట్టుక, వరస, పూజ, బాధ్యత అన్నీ కలిసి ఉన్న వ్యవస్థ ఇది. అలాంటి పేరు కచేరీ కాగితాల్లోకి వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. జోడేఘాట్ పోరాటంలో 1940లో ప్రాణమిచ్చిన వీరుడి ఇంటిపేరును తెలుగు పుస్తకాల్లో కొమరం అని, కొమురం అని, గోండులు కుమ్రం అని రాస్తున్నారు. 2016లో జిల్లాకే ఆయన పేరు పెట్టినా ఆ రాత ఇంకా అన్నిచోట్లా ఒక తీరుగా లేదు. గుస్సాడి నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి కళాకారుడి పేరు పత్రికల్లో 'కనకరాజు' అని ఒకే మాటగా వచ్చేది. చదివినవాళ్ళు అదేదో మామూలు తెలుగు పేరనుకున్నారు. కనక ఆయన ఇంటిపేరు, రాజు ఆయన పేరు. రెంటి మధ్య ఖాళీ లేకపోవడంతో ఒక గోండు వంశం పేరే అచ్చులోంచి మాయమైంది. ఆదిలాబాద్ గోండుల్లో పేరు చివర 'రావు' పెట్టుకునేవాళ్ళూ చాలామంది ఉన్నారు. వాల్తేరు రావు, కరీంనగర్ రావు, ఉట్నూరు రావు ముగ్గురూ మూడు వేర్వేరు సమాజాల మనుషులు. ఆ ఒక్క మాట ఎవరినీ గుర్తుపట్టించలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక ఆక్షేపణలు. మొదటిది: స్థిరాంకం ప్రకృతిది, దానికి ఎవరి పేరుంటేనేం? పైగా ఆ పేరులోనూ న్యాయం పూర్తిగా లేదు. కొలిచింది ఆంగ్‌స్ట్రామ్, మొదటి సూత్రం బాల్మర్‌ది, అర్థం చెప్పింది బోర్, పేరు మాత్రం రిడ్‌బర్గ్‌ది. పికరింగ్ శ్రేణికి హార్వర్డ్ వేధశాల అధిపతి పేరుంది కానీ, అక్కడ నక్షత్ర వర్ణపటాల ఛాయాచిత్రాలను రోజంతా పరిశీలించిన స్త్రీల పేర్లు ఏ శ్రేణికీ లేవు. ఈ ఆక్షేపణలో బలముంది, ఒప్పుకోవాలి. పేరు పెట్టడమంటే ఒకరిని వెలుగులోకి తెచ్చి పదిమందిని చీకట్లో ఉంచడమే. అయితే ఆ చీకట్లో ఉన్నవాళ్ళను మళ్ళీ వెతికి తీయాలన్నా వాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట నిండుగా రాసి ఉండాలి. హార్వర్డ్ స్త్రీల కృషి ఇవాళ బయటికొచ్చిందంటే కాగితాల్లో వాళ్ళ పూర్తి పేర్లు మిగిలి ఉండబట్టే. 'కె' అనే అక్షరం నుంచి కోచర్లకోటను ఎవరూ తవ్వి తీయలేరు. రెండో ఆక్షేపణ: రామన్, భగవంతం ఇంటిపేర్లతో పనిలేకుండానే నిలిచారు కదా? నిలిచారు. సూరి భగవంతం ఆగిరిపల్లి మనిషి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, రామన్ దగ్గర పనిచేసి, ఉస్మానియా ఉపకులపతిగా, భారతీయ విజ్ఞాన సంస్థ అధిపతిగా ఎదిగాడు. ఆయన పేరు పక్కన రావు లేదు, భౌతికశాస్త్రంలో మరో భగవంతం లేడు. నిజాం కాలేజీలోనే చదివిన వేణు బప్పు పేరు కూడా విల్సన్–బప్పు ప్రభావంలో స్థిరపడింది. నక్షత్రాల కాల్షియం గీత వెడల్పుకూ ఆ నక్షత్రం అసలు కాంతికీ ఉన్న సంబంధం అది. ఆయన కుటుంబం కేరళది, ఇంటిపేరు మణాలి కల్లాట్. అది పొడి అక్షరాల్లోనే ఉండిపోయినా బప్పు అన్న మాట అరుదైనది కాబట్టి ముద్ర చెరగలేదు. ఈ ఉదాహరణలు నా వాదనను బలపరుస్తున్నాయే గానీ కొట్టేయడం లేదు. విడిగా గుర్తుపట్టగలిగే పేరు ఏదైనా ఫరవాలేదు. మనలో ఎక్కువమందికి అలాంటి పేరు మొదట్లో ఉంది, మనం రాసేది చివరిదాన్ని.

మూడో ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. ఇంటిపేరు కులాన్ని పట్టిస్తుంది, దాన్ని దాచుకోవడంలో ఒక ఆత్మగౌరవం ఉంది, కొందరికి అది రక్షణ కూడా. తెలంగాణలో కులం బాధ పడినవాళ్ళు, దాన్ని తిరస్కరించినవాళ్ళు పేర్లు మార్చుకున్న చరిత్ర ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. ఇంటిపేరు వద్దనుకున్నవాళ్ళు వదిలేయాలి, కొత్త పేరు పెట్టుకోవాలి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ పొడి అక్షరం చేసేది ఆ పని కాదు. పేరు చివరి రెడ్డి, రావు, గౌడ్, చారి అలాగే మిగులుతాయి. కులం చెప్పే భాగం నిండుగా ఉంటుంది, మనిషిని విడిగా చూపే భాగం చుక్కగా మారుతుంది. సమానత్వం కోసమైతే చివరిదాన్ని వదిలి మొదటిదాన్ని ఉంచుకోవాలి. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. ఇక గోండు, కోలాం పిల్లల విషయంలో ఇంటిపేరు ఎక్కువతక్కువల చిహ్నం కాదు. అది వాళ్ళ చరిత్రకు మిగిలిన కొద్దిపాటి రాతపూర్వక ఆధారాల్లో ఒకటి. మెస్రం, సిడాం, ఆత్రం, తొడసం, పెందూర్ అని హాజరుపట్టీలో నిండుగా రాయకపోతే రేపు ఆ జిల్లా నుంచి వచ్చే శాస్త్రవేత్త ఏ సమాజం నుంచి వచ్చాడో చెప్పే ఆనవాలు ఉండదు.

పరిశోధకులకు ఇప్పుడు ఆర్కిడ్ వంటి గుర్తింపు సంఖ్యలు ఉన్నాయి కాబట్టి ఈ చర్చే పాతబడిందని కొందరంటారు. 2012 నుంచి అందుబాటులో ఉన్న ఆ సంఖ్య యంత్రాల తికమకను తీరుస్తుంది. ప్రతి పరిశోధక విద్యార్థీ అది తీసుకోవడం మంచిదే. అయితే పాఠ్యపుస్తకం సంఖ్యలను అచ్చువేయదు. తరగతిలో పంతులు పదహారు అంకెలు చదివి ఈయన మన వాల్తేరు మనిషి అని చెప్పడు. తెలుగు పిల్లలకు పరమాణు వర్ణపటాల పాఠంలో ఆంగ్‌స్ట్రామ్, బాల్మర్, రిడ్‌బర్గ్, బోర్ వినిపిస్తారు. గుంటూరు, వనపర్తి, విజయనగరం, వాల్తేరు వినిపించవు. దానికి ఒక కారణం పాఠ్యపుస్తకాల అశ్రద్ధ. రెండో కారణం, చెప్పుకుందామన్నా ఆ పనిచేసినవాళ్ళు పుస్తకాల్లో రావులుగా, నారాయణ్‌లుగా విడివిడిగా చెదిరిపోయి, ఒక గురుశిష్య పరంపరగా కనిపించకపోవడం. అప్పాద్వేదుల దగ్గర కోచర్లకోట చదివాడు, కోచర్లకోట ఫౌలర్ దగ్గర చదివాడు, ఫౌలర్ లాకియర్ శిష్యుడు అని రాస్తే గుంటూరు గ్రహణం నుంచి వాల్తేరు దాకా దారి తిన్నగా కనిపిస్తుంది. ఆ దారి కనపడితే శాతవాహన విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి రిడ్‌బర్గ్ స్థిరాంకం పరాయి దేశపు సంఖ్యగా తోచదు.

కాబట్టి ఉత్తర తెలంగాణ కాలేజీల భౌతికశాస్త్ర అధ్యాపకులకు ఒక విన్నపం. పరమాణువుల పాఠం చెప్పేరోజు బోర్, ఫౌలర్‌ల 4.0016 తగవు చెప్పి, అదే ఫౌలర్ దగ్గర పనిచేసిన కోచర్లకోట రంగధామరావు పేరును బోర్డు మీద నిండుగా రాయండి. విద్యార్థులు తమ రికార్డు అట్ట మీద, పదో తరగతి మెమో దిద్దించుకునేటప్పుడు, మొదటి పరిశోధన వ్యాసం పంపేటప్పుడు ఇంటిపేరును పూర్తిగా రాయాలి. ఇంటిపేరు అడిగిన గడిలో ఇంటిపేరే పెట్టాలి, మొదట ఏ రాత వాడితే చివరిదాకా అదే వాడాలి. ఇంటిపేరు వద్దనుకున్నవాళ్ళు తాము ఎంచుకున్న పేరును అలాగే ఒకే తీరుగా నిలబెట్టుకోవాలి. పత్రికలవాళ్ళు కనక, రాజు మాటల మధ్య ఒక ఖాళీ ఉంచితే చాలు.